సొంత మేడ లేనివారికి సౌర విద్యుత్తులో వాటా: విశాఖలో ఎవరైనా కలిసి పెట్టించారా?

సీతమ్మధార కార్యదర్శి | ఆదివారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. మాది సీతమ్మధారలో 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. కింద రోడ్డు వైపు రెండు దుకాణాలు కూడా ఉన్నాయి, ఒకటి మందుల షాపు, ఒకటి బేకరీ. వేసవి బిల్లులు చూశాక సర్వసభ్య సమావేశంలో సోలారు మాట లేచింది. ముగ్గురు సభ్యులు తలా 3 కిలోవాట్లు సొంతంగా పెట్టుకుంటామన్నారు. మిగతావారు ఊరుకోలేదు. మేడ అందరిదీ అయినప్పుడు ముందు దరఖాస్తు పెట్టినవారిదే ఎలా అవుతుందని అడిగారు. వారి మాటలో న్యాయం ఉంది.

కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల చోటు కావాలి. అందరికీ తలా 3 అంటే 72 కిలోవాట్లు, 7,200 చదరపు అడుగులు. నీళ్ల ట్యాంకులు, లిఫ్టు గది, బట్టలు ఆరేసుకునే చోటు, పక్క భవనం నీడ పడే మూల తీసేస్తే మాకు మిగిలేది 1,500 అడుగులు. అంటే మొత్తం మీద 15 కిలోవాట్లు.

ఒకే ప్లాంటు పెట్టి, తలా కొంత వాటా తీసుకుని, వచ్చిన యూనిట్లు ఎవరి బిల్లులో వారికి తగ్గేలా చేయవచ్చా? మన నగరంలో ఎవరైనా చేసి ఉంటే చెప్పండి. ప్యానెళ్లు అమ్మేవారు దయచేసి ఇక్కడ ఫోను నంబర్లు పెట్టకండి, ఇప్పటికే రోజుకు పది ఫోన్లు వస్తున్నాయి.

పాత లైను ఇన్‌స్పెక్టరు | ఆదివారం, ఉదయం 9:25

కార్యదర్శి గారూ, నేను డిస్కంలో, అంటే కరెంటు పంపిణీ సంస్థలో, పనిచేసి రిటైరయ్యాను. మీరు అడిగిన ప్రశ్నలో మూడు వేర్వేరు ఏర్పాట్లు కలిసిపోయాయి. ఇలాగే వెళ్లి సెక్షన్ ఆఫీసులో అడిగితే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు కూడా తల గోక్కుంటారు.

మొదటిది, లిఫ్టు, బోరు మోటారు, మెట్ల దీపాలు నడిచే కామన్ మీటరుకు సోలారు కలపడం. ఇది మామూలు నెట్ మీటరింగే, అంటే ప్యానెళ్లు ఇచ్చిన యూనిట్లను వాడిన యూనిట్లలోంచి తీసేసి మిగిలినదానికే బిల్లు వేయడం. కొత్త సంగతి ఏమీ లేదు. మేడల మీది సోలారుకు కేంద్రం రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో అపార్ట్‌మెంటు సంఘాలకు కామన్ సదుపాయాల కోసం కిలోవాట్‌కు ₹18,000 రాయితీ ఉంది. ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన, మొత్తం 500 కిలోవాట్ల వరకు.

రెండోది, మీరు నిజంగా అడుగుతున్నది. ప్లాంటు ఒక చోట ఉంటుంది, దానికి విడిగా మీటరు ఉంటుంది, ఆ మీటరు చూపిన యూనిట్లను ముందే రాసుకున్న శాతాల ప్రకారం ఒక్కొక్క సర్వీసు నంబరుకు జమ చేస్తారు. దీన్ని వర్చువల్ నెట్ మీటరింగ్ అంటారు. ప్యానెలు నుంచి మీ ఇంటికి తీగ రాదు, జమ మాత్రం బిల్లులోకి వస్తుంది. ఢిల్లీలో 2019లోనే దీనికి మార్గదర్శకాలు ఇచ్చారు. మన రాష్ట్రంలోనూ ఇది గాలిలోంచి ఊడిపడిన మాట కాదు. 2018 నాటి సౌర విధానంలోనే సొసైటీలు, బృందాలు కలిసి ప్లాంటు పెట్టుకుంటే సభ్యుల సర్వీసులకు యూనిట్లు జమ చేయాలని రాశారు. 2024 అక్టోబరులో సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం వచ్చింది కాబట్టి ఇప్పుడు మీరు చూడవలసింది దాన్ని, విద్యుత్ నియంత్రణ మండలి నిబంధనలను.

మూడోది గ్రూప్ నెట్ మీటరింగ్. ఒకే యజమానికి రెండు మూడు చోట్ల మీటర్లుంటే ఒక చోటి మిగులు ఇంకో చోట సర్దుకోవడం. అది మీకు పనికిరాదు.

కాగితం మీద ఉన్నది కౌంటరు దగ్గర ఉంటుందని అనుకోకండి. నోటి మాటగా అడిగితే నోటి మాటగానే జవాబు వస్తుంది. డీఈ (డివిజనల్ ఇంజినీరు) గారికి లేఖ రాసి, అందినట్లు ముద్ర వేయించుకుని, రాతపూర్వక జవాబు అడగండి.

లెక్కల పంతులు | ఆదివారం, ఉదయం 11:10

మీటర్ల సంగతి ఇన్‌స్పెక్టరు గారు చెప్పారు. నేను డబ్బు సంగతి చెబుతాను. కార్యదర్శి గారూ, అందరికీ సమాన వాటా అని మాత్రం తీర్మానం చేయకండి. అది పైకి న్యాయంగా కనిపిస్తుంది, బిల్లులు వచ్చిన మొదటి నెలలోనే గొడవ మొదలవుతుంది.

ఎందుకో చూడండి. 2022 నుంచి అమలులో ఉన్న గృహ టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు ₹1.90, 75 వరకు ₹3, 125 వరకు ₹4.50, 225 వరకు ₹6, 400 వరకు ₹8.75, ఆపైన ₹9.75. ఒక కిలోవాట్ ప్లాంటు మన ఎండకు రోజుకు 4 యూనిట్లు, నెలకు 120 ఇస్తుందనుకుందాం. జమ అయిన యూనిట్లు ఎప్పుడూ బిల్లు పైమెట్టు నుంచి తగ్గుతాయి. అసలు కిటుకు అక్కడే ఉంది.

నెలకు 450 యూనిట్లు వాడే ఇంటికి ఆ 120 యూనిట్ల విలువ ₹1,100. 300 యూనిట్లు వాడే ఇంటికి ₹926. మొత్తం కలిపి 120 యూనిట్లే వాడే ఇంటికి ₹394.50. ప్యానెలు ఒకటే, ఎండ ఒకటే, పెట్టుబడి ఒకటే. ఒకరికి వచ్చే లాభం ఇంకొకరికి వచ్చేదానికి దాదాపు మూడు రెట్లు!

కిలోవాట్‌కు ₹60,000 ఖర్చనుకుని, రాయితీ పక్కన పెట్టి లెక్క వేస్తే 300 యూనిట్ల ఇంటికి సొమ్ము తిరిగి రావడానికి అయిదున్నరేళ్లు చాలు. 120 యూనిట్ల ఇంటికి పన్నెండేళ్లు దాటుతుంది. మీ భవనంలో ఒంటరిగా ఉండే పెద్దవారు, ఏసీ లేని ఇళ్లు ఉంటాయి కదా. సమాన వాటా అంటే ఏసీలు నడిపేవారి కోసం వారి చేత పెట్టుబడి పెట్టించడమే.

కాబట్టి వాటాను అర కిలోవాట్ చొప్పున చేయండి. ఎవరికి కావలసినంత వారు తీసుకుంటారు, అక్కర్లేనివారు మానేస్తారు. ఆ 120 యూనిట్ల ఇల్లే అర కిలోవాట్ తీసుకుంటే 60 యూనిట్లకు ₹247.50 మిగులుతుంది. తరువాతి అర కిలోవాట్‌కు మిగిలేది ₹147 మాత్రమే. మొదటి సగం మేలైన సగం.

ఇవన్నీ వాడకం ఛార్జీలే. కిలోవాట్‌కు నెలకు ₹10 చొప్పున స్థిర ఛార్జీ, కస్టమర్ ఛార్జీ ఎలాగూ కట్టాలి. ప్యానెళ్లు పెట్టినా సున్నా బిల్లు రాలేదేమని అడిగేవారికి ముందే చెప్పి పెట్టుకోండి.

సీతమ్మధార కార్యదర్శి | ఆదివారం, మధ్యాహ్నం 12:30

పంతులు గారూ, మా తీర్మానం ముసాయిదాలో సరిగ్గా ‘అందరికీ సమానంగా’ అనే రాసి ఉంది! మరి బేకరీ వారి సంగతి ఏమిటి? వారు 4 కిలోవాట్లు ఒక్కరే తీసుకుంటామంటున్నారు.

లెక్కల పంతులు | ఆదివారం, మధ్యాహ్నం 12:55

అడగరా మరి! వారిది వాణిజ్య మీటరు. 300 యూనిట్లు దాటితే ₹9.60, 500 దాటితే ₹10.15. నెలకు 600 యూనిట్లు వాడే దుకాణానికి మొదటి కిలోవాట్ విలువ ₹1,207. భవనంలో అందరికంటే ఎక్కువ లాభం వారికే. ఇవ్వవద్దనను గాని, ఊరికే ఇవ్వకండి. మేడ వాడుకున్నందుకు సంఘానికి నెలకు కొంత కట్టమనండి.

పాత లైను ఇన్‌స్పెక్టరు | ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఒక్క మాట. ఒకే ప్లాంటు నుంచి గృహ మీటర్లకు, వాణిజ్య మీటరుకు కలిపి జమ చేయడానికి ఒప్పుకుంటారా అన్నది డీఈ గారికి రాసే లేఖలో మొదటి ప్రశ్నగా పెట్టండి. రాయితీ కూడా ఇళ్లకే, దుకాణాలకు ఉండదు. బేకరీ వారిని కలుపుకుంటే మిగతావారి రాయితీ దరఖాస్తు చిక్కుల్లో పడకుండా చూసుకోవాలి. నన్నడిగితే వారిని విడిగా ఉంచడమే మేలు.

నాలుగో అంతస్తు, ఎంవీపీ | ఆదివారం, సాయంత్రం 5:20

అందరూ లాభాలు పంచుకుంటున్నారు, నష్టం భరించేవారిని ఎవరూ అడగడం లేదు. మాది ఎంవీపీ కాలనీలో నాలుగంతస్తుల భవనం, పై ఇల్లు మాది. మా మేడ మీద రెండేళ్ల క్రితం ప్యానెళ్లు పెట్టారు. శ్లాబులోకి బోల్టులు దించారు. మొదటి వానాకాలం బాగానే గడిచింది. రెండో ఏడు మా పడకగది మూలన చెమ్మ మొదలైంది. ప్యానెళ్లు పెట్టిన కంపెనీ అది పాత పగులు అంటుంది, సంఘం అది కంపెనీ బాధ్యత అంటుంది. పై అంతస్తువారి సంతకం లేకుండా ఏ తీర్మానమూ చేయకూడదని నా అభిప్రాయం. ఎవరికి కోపం వచ్చినా సరే.

ఉప్పు గాలి | ఆదివారం, రాత్రి 9:05

నాలుగో అంతస్తు వారి బాధ నూటికి నూరుపాళ్లు నిజం. నేను పెదవాల్తేరులో సముద్రానికి దగ్గరగా ఉంటాను, ఉద్యోగం ఇనుప నిర్మాణాల డిజైను. ఈ ఊళ్లో ప్యానెళ్ల గురించి గంట మాట్లాడేవారు, వాటి కింద ఉండే స్ట్రక్చరు గురించి ఒక్క నిమిషం మాట్లాడరు.

గాలి ఒత్తిడికి మనం పాటించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు 44. అక్కడ గీసిన డ్రాయింగు ఇక్కడ నడవదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరం మీదనే తీరం దాటింది. ఆ రోజు ఏ మేడ మీది రేకులు ఏ వీధిలో పడ్డాయో చూసినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. ప్యానెలు అంటే చదునైన పలక, ఏటవాలుగా నిలబెడతారు. గాలి దాన్ని కింది నుంచి పైకి లేపుతుంది. బరువుకు కూలదు, గాలికి లేస్తుంది.

రంధ్రాలు వద్దంటే కాంక్రీటు దిమ్మల బరువుతో నిలబెట్టవచ్చు. కాని మన గాలికి ఆ దిమ్మల బరువు బాగా పెరుగుతుంది, అంత బరువును పాత శ్లాబు మోయగలదా అని ఇంజినీరుతో చూపించాలి. రంధ్రాలు చేస్తే ముందు చిన్న దిమ్మ కట్టి, దాని చుట్టూ నీరు దిగకుండా పూత వేసి, ఆ దిమ్మలోనే బోల్టు ఉండేలా చేయాలి. నేరుగా శ్లాబులోకి డ్రిల్లు పెట్టే మనిషిని మెట్లు దిగి వెళ్లిపొమ్మనండి.

ఇక తుప్పు. ఫ్రేము అల్యూమినియం, కాళ్లు ఇనుము, బోల్టు ఇంకేదో. ఉప్పు తేమలో మూడు లోహాలు తగులుకుంటే బలహీనమైనది ముందు పోతుంది. వేడి జింకులో ముంచి తీసిన ఇనుమే వాడాలి, రంగు వేసిన ఇనుము వద్దు. బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ అయితే మంచిది. 304 చాలంటారు, బీచి రోడ్డుకు దగ్గరగా అది చాలదు. ప్యానెళ్లకు ఉప్పు తేమ పరీక్ష ఉంటుంది, దాని ప్రమాణం ఐఈసీ 61701. సర్టిఫికెటు కాపీ అడగండి. అడిగితే ఇస్తారు, అడగకపోతే ఎవరూ చెప్పరు.

రాయి విసిరితే సముద్రంలో పడే చోట ఉన్నవారు ఈ ఖర్చు భరించాలి. పెందుర్తిలోనో సబ్బవరంలోనో ఉన్నవారికి ఇంత అవసరం ఉండదు. ప్లాంటును వేరే చోట పెట్టి వాటా తీసుకునే పద్ధతిలో నాకు నచ్చిన అంశం ఇదే, సముద్రపు గాలికి దూరంగా వెళ్లవచ్చు.

మల్కాపురం వాసి | ఆదివారం, రాత్రి 9:40

ఉప్పు ఒక్కటే కాదు సార్. పోర్టు వైపు మా మేడల మీద వారానికే నల్లటి పొర పడుతుంది. కడగకపోతే ఉత్పత్తి పడిపోతుంది. వాటా ప్లాంటులో కడిగే పని ఎవరిది, నీళ్లెవరివి? ఇది కూడా రాసుకోవాలి.

మిన్నెసోటా నుంచి | సోమవారం, ఉదయం 6:15

నేను గోపాలపట్నం అమ్మాయిని, ఉద్యోగరీత్యా మినియాపోలిస్‌లో ఉంటున్నాను. ఇక్కడ దీన్ని కమ్యూనిటీ సోలార్ గార్డెన్ అంటారు. కొలరాడో 2010లో, మిన్నెసోటా 2013లో చట్టాలు చేశాయి. ఊరి బయట పొలంలో ప్లాంటు ఉంటుంది, మాలాంటి అపార్ట్‌మెంటు వాసులు అందులో చందాదారులుగా చేరతారు, కరెంటు బిల్లులో జమ వస్తుంది. నేను చేరిన దానిలో ముందుగా ఒక్క డాలరు కూడా కట్టనక్కరలేదు. వచ్చిన జమలో ఎక్కువ భాగం ప్లాంటు వారికి కడతాను, తేడా నాకు మిగులుతుంది. ఆ తేడా చిన్నదే, కాని నా మీద పెట్టుబడి భారం లేదు.

మిన్నెసోటా మొదటి చట్టంలో మూడు షరతులు మీకు పనికొస్తాయనిపించింది. ఒక ప్లాంటుకు కనీసం అయిదుగురు చందాదారులు ఉండాలి. ఏ ఒక్కరికీ 40 శాతానికి మించి వాటా ఉండకూడదు. ఎవరూ తమ ఏడాది వాడకంలో 120 శాతానికి మించి తీసుకోకూడదు. కార్యదర్శి గారూ, మీ బేకరీ వారితో మాట్లాడేటప్పుడు ఆ రెండో షరతు లాంటి పరిమితి ఒకటి పెట్టుకోండి.

చెడు కూడా చెప్పాలి. ఇక్కడ ఈ ప్లాంట్లలో పెద్ద వాటాలు చాలాకాలం వ్యాపార సంస్థలకే దక్కాయి, మామూలు ఇళ్లకు మిగిలింది తక్కువ. అందుకే 2023లో చట్టం మార్చి, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకు ప్రాధాన్యం ఇచ్చారు. ఇంకొకటి, ఒప్పందాలు 20, 25 ఏళ్లకు ఉంటాయి. ఇల్లు మారితే ఏమవుతుందన్నది సంతకం పెట్టే ముందే చదవాలి, నేను ఆ ఒక్క పేజీ కోసం వారిని నాలుగుసార్లు అడిగాను.

సందేహాల రావు | సోమవారం, ఉదయం 10:30

అమెరికాలో బిల్లులు సరిగ్గా వేసేవారుంటారు తల్లీ. ఇక్కడ సౌర వాటాల పేరుతో నా ఫోనుకు వచ్చే సందేశాలు చూడండి. ₹50,000 పెడితే నెలకు ఇంత ఖాతాలో వేస్తారట, అయిదేళ్లలో రెట్టింపట. డిపాజిట్ల పేరుతో మునిగిన కుటుంబాలు ఉత్తరాంధ్రలో ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఇప్పుడు బోర్డు మీద సూర్యుడి బొమ్మ వేసుకుని అదే వ్యాపారం మళ్లీ వస్తోంది. నలుగురు కలిసి చేసేది ఏదీ మన దగ్గర నిలవదని నా నమ్మకం.

పాత లైను ఇన్‌స్పెక్టరు | సోమవారం, ఉదయం 11:00

రావు గారూ, మొదటి సగం ఒప్పుకుంటాను, రెండో సగం ఒప్పుకోను. పక్కనే అనకాపల్లిలో, అటు చీపురుపల్లిలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలు దశాబ్దాల పాటు పల్లెలకు కరెంటు ఇచ్చాయి. సభ్యులే వాటాదారులు. రాజకీయాలు చొరబడ్డాయి, తగాదాలు వచ్చాయి, కాదనను. అయినా సహకారంతో దీపం వెలగదని మాత్రం ఈ జిల్లాలో పుట్టినవారు అనకూడదు. గుజరాత్‌లో ధుండీ అనే ఊళ్లో 2016లో రైతులు సౌర పంపుల సహకార సంఘం పెట్టుకుని మిగులు కరెంటును డిస్కంకు అమ్మారు. చిన్న సంఘమే, లెక్కలు సక్రమంగా ఉంటే చాలు.

మోసాన్ని పట్టే ఉపాయం సులువు. మీకు వచ్చేది బిల్లులో యూనిట్ల జమా, ఖాతాలో నగదా? యూనిట్లయితే మీ సర్వీసు నంబరు డిస్కంతో చేసుకున్న ఒప్పందంలో ఉండాలి, దాని కాపీ అడగండి. నగదు అయితే అది కరెంటు వ్యవహారం కాదు, దాని జోలికి వెళ్లకండి.

నిర్వాహకుడు | సోమవారం, ఉదయం 11:20

‘నెలకు హామీ ఆదాయం’ అంటూ ఇప్పుడే ఇక్కడ పెట్టిన రెండు సందేశాలు తీసేశాను. రావు గారి మాట ఇంకా చల్లారకముందే వచ్చారు.

ఆటోనగర్ లేత్ | సోమవారం, రాత్రి 8:10

ఇళ్ల సంగతి తేలింది, చిన్న పరిశ్రమల మాట ఎవరైనా చెబుతారా? గాజువాక ఆటోనగర్‌లో మేం పక్కపక్కన ఆరు వర్క్‌షాపుల వాళ్లం. నాలుగింటికి పాత ఆస్‌బెస్టాస్ రేకులు, వాటి మీద ప్యానెలు కాదు కదా పిల్లి నడిచినా పగులుతుంది. కన్సల్టెంటు ఒకాయన గ్రూప్ క్యాప్టివ్ అన్నాడు. ఊరి బయట స్థలంలో ప్లాంటు పెట్టే సంస్థలో మేం వాటాదారులం కావాలట.

పాత లైను ఇన్‌స్పెక్టరు | సోమవారం, రాత్రి 8:45

2005 విద్యుత్ నియమాల ప్రకారం క్యాప్టివ్, అంటే సొంత వాడకపు ప్లాంటు, అనిపించుకోవాలంటే వాడుకునేవారికి ఆ ప్లాంటులో కనీసం 26 శాతం యాజమాన్యం ఉండాలి, ఏడాదిలో తయారైన కరెంటులో కనీసం 51 శాతం వారే వాడుకోవాలి. ఎవరి వాటాకు తగ్గట్టు వారి వాడకం ఉండాలన్న నిబంధన కూడా ఉంది. ఒక ఏడాది మీ ఆరుగురిలో ఇద్దరికి పనులు తగ్గి వాడకం పడిపోతే లెక్క తప్పి, క్యాప్టివ్ కానివారు కట్టే సర్‌ఛార్జీ మొత్తం మీ నెత్తిన పడవచ్చు. లైను వాడుకున్నందుకు వీలింగ్ ఛార్జీలు వేరు.

బయటి ప్లాంటు నుంచి డిస్కం లైను మీదుగా స్వచ్ఛ విద్యుత్తు తెచ్చుకోనిచ్చే గ్రీన్ ఓపెన్ యాక్సెస్ నియమాలు 2022లో వచ్చాయి, వాటితో 100 కిలోవాట్ల లోడు ఉన్నవారికి కూడా దారి తెరుచుకుంది, క్యాప్టివ్‌కు ఆ పరిమితి కూడా లేదు. అయినా ఆరు లేత్ షాపులకు ఇది బరువైన వ్యవహారం. ఏటా ఆడిటరు, ఎప్పుడు ఎంత కరెంటో ముందే చెప్పే షెడ్యూళ్లు. పెద్ద కర్మాగారాలకు సరిపడే చొక్కా మీకు తొడుగుతున్నాడు ఆయన. ముందు ఆ నాలుగు రేకుల కప్పులు మార్చే ఖర్చు లెక్క వేయించండి. ఇనుప రేకులు వేసుకుని ఎవరిది వారు పెట్టుకోవడమే చౌక కావచ్చు.

కొత్తగా కొన్నవాడు, మధురవాడ | మంగళవారం, ఉదయం 7:50

నాది చిన్న సందేహం. వాటా తీసుకుంటే తుఫాను రోజుల్లో మాకు కరెంటు ఉంటుందా? మా ఇంట్లో అందరూ దాని కోసమే సరే అంటున్నారు.

ఉప్పు గాలి | మంగళవారం, ఉదయం 8:20

ఉండదు. వాటా సంగతి అటుంచి, సొంత మేడ మీద బ్యాటరీ లేకుండా పెట్టుకున్నా ఉండదు. లైనులో కరెంటు పోగానే, ప్యానెళ్ల కరెంటును లైనుకు కలిపే గ్రిడ్ ఇన్వర్టరు దానంతటదే ఆగిపోతుంది. ఆగకపోతే లైను బాగుచేసే మనిషికి మన మేడ మీది కరెంటు తగులుతుంది. హుద్‌హుద్ తరువాత మన ఊళ్లో రోజుల తరబడి స్తంభాలెక్కినవారిని గుర్తు చేసుకుంటే ఆ నిబంధన ఎందుకో తెలుస్తుంది. చీకటి భయం ఉంటే బ్యాటరీ ఇన్వర్టరు కొనుక్కోండి. వాటా బిల్లు తగ్గించుకోవడానికే.

సీతమ్మధార కార్యదర్శి | గురువారం, రాత్రి 9:30

నిన్న సమావేశం జరిగింది. మీ మాటలన్నీ కాగితం మీద అచ్చు వేసి తీసుకెళ్లాను. పంతులు గారి లెక్క చదివినప్పుడు గదిలో ఉన్న గోల ఆగింది.

ముందు కామన్ మీటరుకు 10 కిలోవాట్లు పెట్టాలని నిర్ణయించాం. లిఫ్టు, మోటార్ల బిల్లు తగ్గితే నెలవారీ నిర్వహణ రుసుము తగ్గుతుంది, అది అందరికీ సమానమే. పైగా 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు. ₹18,000 చొప్పున ₹1,80,000 రాయితీ. ఆ సొమ్ము నేరుగా సంఘం ఖాతాలోకి వెళ్లాలని, పాత నిధిలో కలపకూడదని కోశాధికారి పట్టుబట్టారు.

మిగిలిన 5 కిలోవాట్లను పది అర వాటాలుగా చేసి, డీఈ గారి జవాబు వచ్చాక ఇద్దామనుకున్నాం. బేకరీ వారు కాస్త ముఖం చిన్నబుచ్చుకున్నారు. పై అంతస్తులో ఆరు ఇళ్లు ఉంటే అయిదుగురు సంతకం చేశారు. ఆరో ఆయన పదేళ్ల పాటు చెమ్మకు సంఘమే బాధ్యత అని స్టాంపు కాగితం మీద రాయమంటున్నారు. ఇంకా ఒప్పుకోలేదు.

నాలుగో అంతస్తు, ఎంవీపీ | గురువారం, రాత్రి 9:50

ఆరో ఆయనకు నా నమస్కారాలు చెప్పండి. రాసివ్వండి, పోయేదేముంది? పని బాగా చేయిస్తే ఆ కాగితం ఎవరూ బయటికి తీయరు.

పాత లైను ఇన్‌స్పెక్టరు | శుక్రవారం, ఉదయం 7:15

మంచి పని చేశారు. వాటాల ఒప్పందంలో ఈ మాటలు మరచిపోకండి. ప్లాంటు ఎవరి పేరున ఉంటుంది? సంఘం పేరునే ఉండాలి, కార్యదర్శి సొంత పేరున కాదు. మీ సంఘం 2001 సొసైటీల చట్టం కింద నమోదైందా, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైందా చూసుకోండి. వాటాలు, లాభం పంచుకోవడం అనే మాటలు వచ్చేసరికి రెండో చట్టం అనుకూలంగా ఉంటుంది. ఫ్లాటు అమ్మితే వాటా కొన్నవారికి వెళుతుందా, సంఘం వెనక్కి తీసుకుంటుందా? తీసుకుంటే ఏ ధరకు? ఏటా తగ్గుతూ పోయే ధరల పట్టిక ముందే రాసి పెట్టండి. ఇన్వర్టరు పదేళ్లకు అటూ ఇటూగా మార్చాలి, దాని కోసం ప్రతి వాటా నుంచి నెలకు కొంత పక్కన పెట్టండి. శాతాలు మార్చుకోవాలంటే ఏడాదికి ఎన్నిసార్లు ఒప్పుకుంటారో డిస్కం జవాబులో అడగండి.

అద్దె ఇల్లు, అక్కయ్యపాలెం | శుక్రవారం, రాత్రి 10:05

మొదటి నుంచి చదువుతున్నాను. మేడ లేనివారికి అని శీర్షిక పెట్టారు, అద్దెకుండేవారి ఊసు మాత్రం ఎక్కడా రాలేదు. మా భవనంలోనూ ఇలాంటి వాటాలే పెడుతున్నారు. మా ఇంటి యజమాని అర కిలోవాట్ వాటా తానే కొంటానని, దానికి నెలకు ₹300 అద్దె పెంచుతానని అంటున్నారు. మీటరు ఆయన పేరునే ఉంది, బిల్లు మేం కడతాం. ఒప్పుకోవచ్చా?

లెక్కల పంతులు | శుక్రవారం, రాత్రి 10:20

నెలకు ఎన్ని యూనిట్లు వాడతారమ్మా?

అద్దె ఇల్లు, అక్కయ్యపాలెం | శుక్రవారం, రాత్రి 10:24

సుమారు 210 మాస్టారూ.

లెక్కల పంతులు | శుక్రవారం, రాత్రి 10:31

అయితే 60 యూనిట్లూ ₹6 మెట్టులోనే తగ్గుతాయి, ₹360. మీకు మిగిలేది ₹60, అది కూడా ఎండ బాగా కాసిన నెలలో. అక్టోబరు, నవంబరుల్లో మబ్బు పట్టి 50 యూనిట్లే వస్తే ₹300కి ₹300 సరి. ₹220కి అడగండి, ₹250 దగ్గర ఆగండి. ఆ మొత్తాన్ని అద్దెలో కలపనివ్వకండి, విడిగా రాయించుకోండి. లేకపోతే వచ్చే ఏడు అద్దె పెంచేటప్పుడు దాని మీద కూడా పెంచుతారు.